గరికకి కూలి

మా పేట పేరు తోటపాలెం.
ఒకప్పుడు తోటలుండేవట; నేనొచ్చేసరికి
పేరొక్కటే పచ్చగా మిగిలింది.

ఇంటి ముందు పద్దెనిమిదడుగుల పొడుగు, పన్నెండు వెడల్పు.
టైల్స్ పరిచేద్దామన్నాడు మేస్త్రి.
చెప్పులకి మట్టంటదు, స్కూటర్ కడుక్కోవచ్చు.
వద్దన్నాను.
బీమా ఆఫీసు కౌంటర్ వెనక పాతికేళ్ళు
జీవితాలకి వాయిదాలు కట్టించుకున్నదాన్ని,
ఇంత నేలనైనా ఊపిరాడనిస్తానన్నాను.

మాఘంలో వచ్చింది పచ్చిక, కడియం లారీ మీద,
చాపల్లా చుట్టి, తడిగోనె కప్పి.
అడుక్కింత అని లెక్క.
పరిచిన రోజు పక్కింటివాళ్ళు
చెప్పులు విప్పి నడిచారు.
ఆ సాయంత్రం
మెట్టు మీద కూచుని గంటసేపు దాన్నే చూశాను,
ఎవరికీ చెప్పలేదు గానీ.

రోహిణి కార్తెలో పసుపెక్కింది.
పొద్దునా సాయంత్రమూ పైపు పట్టుకుని
జల్లుజల్లుగా తడిపాను.
యూరియా చల్లాను, ఓ గుప్పెడు ఎక్కువే.
మచ్చలుమచ్చలుగా మాడింది.
నున్నగా ఉండాలని
కోత మిషను బ్లేడు ఇంకో మెట్టు దించాను.
కొత్త గుండులా నేల బయటపడింది.

అప్పుడొచ్చింది సన్యాసమ్మ,
గంట్యాడ అవతల నుంచి ఏడింటి బస్సుకి,
కుచ్చిళ్ళు ఎగదోపి, చేతిలో బొరిగెతో.
ఓ మూల ఎత్తి చూసింది
దుప్పటంచు తీసి పసిబిడ్డ ఒళ్ళు చూసినట్టు.

"ఏర్లు పైకొచ్చీసినాయమ్మా.
దినానికి రెండు పాల్లు నాలిక తడిపితే
కిందకెందుకు దిగుతాది, దానికేటి పని?
మూడ్రోజులు మాడనియ్యి. నాలుగోనాడు
జానెడు లోతుకి తాగించు.
దాహమేస్తేనే ఏరు నేలని ఎతుక్కుంటాది."

ఇంకోటీ చెప్పింది.
"మూడొంతుల్లో ఒక వంతే కొయ్యాల.
రెండొంతులు దాని కడుపుకి ఒగ్గీయాల.
మా కామందుకీ ఈ మాటే సెప్పినాను, ఇన్నాడు కాదు."
నవ్వింది.
నేను నవ్వాలో లేదో తెలియలేదు.

తుంగ గడ్డలు తవ్వి తీసింది, ఒక్కోటీ, లోతుగా.
చంపావతి ఇసకలో మాగిన పెంట జల్లించి
పల్చగా కప్పింది.
కోసిన గడ్డి నేను ఊడ్చేస్తుంటే చీపురు లాక్కుంది:
"ఒగ్గీ. దాని తిండి దానికి."

మాడిన చోట్లకి మళ్ళీ చాపలు తెప్పిస్తానంటే
ప్రహరీ బయట కాలవగట్టు చూపించింది.
గరిక.
ఎవరూ నాటనిది, ఎవరూ తడపనిది,
మునిసిపాలిటీ జేసీబీ గీకి పోయినా
మూడో వారానికి తిరిగొచ్చేది.

"పదేళ్ళ పిల్లప్పటి నుంచీ దీన్ని పీకినాను.
సోడిసేల్లో పీకినాను, గోగుసేల్లో పీకినాను,
ఒంగి ఒంగి నడుం ఇలాగైపోనాది.
ఎండేసి కాల్చీసీవోలం, తొలి వానకి లెగిసీది.
పీకడానికి కూలిచ్చినోలే గానీ
నాటమన్నది నువ్వేనమ్మా మొదులు."

మృగశిర జల్లు పడ్డ మర్నాడు
కణుపు కణుపుకీ తుంచి
బొటనవేలితో తడిమట్టిలో నొక్కుకుంటూ పోయింది.
బెత్తెడుకో కణుపు.
మధ్యలో ఆగి, ఓ కణుపుని అరచేతిలో పెట్టుకుని
"ఎక్కడికొచ్చీసినావే" అంది.
దాన్నో, తన్నో.

సాయంత్రం నాలుగొందలిచ్చాను.
లెక్కపెట్టి, అలాగే చెయ్యి చాపి నిలబడింది.
"అది పీకినందుకు. నాటినందుకు ఐదొందలియ్యి.
అరవయ్యేళ్ళ సేతికి
ఎదురుపని సేయించినావు."
ఇచ్చాను. బేరమాడే మొహం లేదు నాకు.

ఇప్పుడు శ్రావణం.
కడియం పోచ ఎక్కడ ఆగిందో
గట్టు గరిక ఎక్కడ మొదలైందో
నాకైతే తెలియదు. పాదాలకి తెలుసేమో.

మొన్న పనేమీ లేకుండానే వచ్చింది, బజారుకొచ్చి.
కుర్చీ వేస్తే కూచోలేదు,
టీ గ్లాసు పట్టుకుని గడ్డిలోనే చతికిలబడింది.
కూతురి కాన్పు గురించి చెబుతోంది,
ఆసుపత్రి వాళ్ళెంత అడిగారో చెబుతోంది,
రెండో చెయ్యి దాని మానాన అది
ఒక్కో గరికా పీకి పక్కన పెడుతోంది.

చూసుకుంది.
నాలిక్కరుచుకుని
గ్లాసు కింద పెట్టి
మళ్ళీ ఒక్కోటీ నాటింది.