మూడో వరస కుట్టు

తెరచాపని మూటలా భుజాన వేసుకుని వచ్చింది,
మెట్లంతా ఉప్పునీళ్లు కారుస్తూ.
పదహారేళ్లట. పేరు తిరిల్.
నార్వే నుంచి ఓర్తా రేవుదాకా ఒక్కతే.
ఇంకా కేప్ చుట్టి రావాలట.
"నిలువునా చిరిగింది, రేపటికి కుట్టిస్తారా?" అంది,
చెప్పు తెగినవాళ్లు అడిగినంత మామూలుగా.

ఆ సాయంత్రం రేవంతా ఇదే మాట.
"ఆ తండ్రిని ముందు జైల్లో వెయ్యాలి"
అన్నాడు రేవు అధికారి బెలార్మీను, కప్పు బల్లకేసి కొట్టి.
"మా వాడు సోఫా దిగడు, ఈ పిల్లకి దండం పెట్టాలి"
అంది చేపలమ్మే జెనొవేవ.
ఒకరు చట్టం అన్నారు, ఒకరు రికార్డు అన్నారు,
ఆడపిల్ల అన్నారు ఇంకెవరో, గొంతు తగ్గించి.
చివరికి అందరూ నా వైపు తిరిగారు.
సూది ఉన్నది నా చేతిలో కదా.

నాకేమో మా అన్న అమాన్సియు గుర్తొచ్చాడు.
పధ్నాలుగేళ్లకే తిమింగలాల పడవ ఎక్కాడు.
కొండమీద కాపలావాడు తారాజువ్వ వదిలితే
కొరికిన రొట్టె కొరికినట్టే వదిలి పరుగు.
పసివాణ్ణి పంపొచ్చా అని
ఏ బల్ల దగ్గరా ఎవరూ కప్పు కొట్టలేదు.
ఈటె తాడు కాలికి చుట్టుకుపోయాక
పద్దెనిమిది రోజుల కూలి బాకీ అంటూ
ఒకాయన వచ్చి అమ్మ చేతిలో పెట్టి వెళ్లాడు.
అమ్మ లెక్కపెట్టింది. అది నేను చూశాను.
ఆకలి తోస్తే బతుకుతెరువు, మనసు తోస్తే సాహసం,
ఈ తేడా ఒడ్డునున్నవాళ్లకే తెలుస్తుందనుకుంటా.

"రేపటికి కాదమ్మా," అన్నాను,
"ఇంత మందం గుడ్డకి సూది లిస్బన్ నుంచి రావాలి.
నాలుగు రోజులు."
అబద్ధం. సొరుగులో డబ్బా నిండా ఉన్నాయి.
దక్షిణాన తుఫాను కడుతోందని
రేడియో పొద్దుటినుంచీ చెబుతూనే ఉంది.

పిల్ల మేడమీద పాత తెరచాపల గుట్టలో పడుకునేది.
అరచేతుల్లో ఉప్పు కోసిన పుళ్లు,
మోచేతి దగ్గర మాత్రం ఇంకా పాలబుగ్గల నునుపు.
తండ్రి ఫోన్ చేస్తే గాలి గురించి చెప్పదు,
కాబేజీ సూప్ గురించి చెబుతుంది.
ఈ రేవు గోడమీద బొమ్మ వెయ్యకుండా వెళ్లినవాణ్ణి
సముద్రం గుర్తుపెట్టుకుంటుందని మా నమ్మకం;
రంగులిచ్చాను. రోజుకో గీత గీసి వచ్చేది.

మూడోరాత్రి పెంకులు ఎగిరిపోయాయి.
ఎదురుగా ఉండే పీకు కొండ, అంత కొండ, లేకుండా పోయింది.
తిరిల్ దుప్పటి కప్పుకుని కిందికొచ్చింది,
మైనపుముద్ద కోసం సొరుగు లాగింది.
సూదుల డబ్బా గలగలమంది.
నేను తల దించుకున్నాను, దొంగలా.
ఆమె దారం తీసి మైనం రాయడం మొదలెట్టింది,
మూర తరవాత మూర.
"మొదటిరోజే చూశాను," అంది కాసేపయ్యాక.
"వెళ్లొద్దని అంటే వెళ్లిపోయేదాన్నే.
మీరు సూది లేదన్నారు. ఉండిపోయాను."

తెల్లారేదాకా కుట్టాం, ఆమె అటు, నేను ఇటు.
మామూలుగా రెండు వరసలు వేస్తాను.
రెండుకే డబ్బు తీసుకున్నాను.
"మూడున్నాయి," అంది, వేలితో తడిమి.
"నాకు లెక్కలు రావు," అన్నాను.

అయిదోరోజు గాలి మళ్లింది.
జైలన్న బెలార్మీనే వంగి తాడు విప్పాడు,
విప్పిన తాడు కాసేపు చేతిలోనే పట్టుకున్నాడు.
గోడ దగ్గరికెళ్లి చూశాను. పడవ బొమ్మ కాదు,
జానెడు సూది, చెవిలోంచి తెల్లదారం,
దారం కొస గోడ అంచుదాకా వెళ్లి ఆగింది.

పంపొచ్చా, కూడదా, ఇప్పటికీ అడుగుతారు.
నాకేం తెలుసు? ఈ చేతులు ఆపాయి కూడా, పంపాయి కూడా.
పొద్దున్నే పొయ్యిమీద సూప్ పెట్టి
నాకు పనిలేని సముద్రాల వాతావరణం వింటూ కూర్చుంటాను.
చాలాసార్లు సూప్ పొంగిపోతుంది.