తలుపు కింద తోలుముక్క

కూర్చో యుగంధర్, ఆ మేకతోళ్ల కట్టమీదే కూర్చో.
పెరియమేట్‌లో కుర్చీ కోసం చూసేవాడు
నిలబడే ముసలివాడవుతాడు.
టీ వస్తుంది. మీనంబాకం చేరడానికి ఇంకా నాలుగు గంటలుంది.

ఆఫీసువాళ్లిచ్చిన కాగితాలు చదివావు కదా,
పన్నెండు పేజీలు, అన్నీ సరైన మాటలే.
రాసినవాడెవడో గానీ
తెలియని ఊళ్లో రాత్రి రెండింటికి
హోటల్ తలుపు తట్టిన చప్పుడు వాడు విన్నట్టు లేదు.

పాస్‌పోర్టు నకలు ఒకటి పెట్టెలో, ఒకటి ఇంట్లో,
ఒకటి ఇదిగో ఈ సొరుగులో పడేసి వెళ్లు.
పర్సులు రెండు. చొక్కా జేబులోది ఉత్తుత్తిది:
పాత మెట్రో కార్డూ, కాసిని చిల్లర నోట్లూ.
ఎవడైనా కత్తి చూపిస్తే అది ఇచ్చేసి దండం కూడా పెట్టు.
పౌరుషం బరువెక్కువ, ఇక్కడే దించేసి వెళ్లు.

గది మూడో అంతస్తు పైన, ఆరుకి లోపల.
కిందైతే కిటికీ దూకి వస్తారు,
మరీ పైనైతే నిప్పంటుకున్నప్పుడు నిచ్చెన అందదు.
మెట్లు ఎన్ని తలుపుల అవతలో
గోడ తడుముకుంటూ ఒకసారి లెక్కపెట్టు.
పొగలో కళ్లు పనిచెయ్యవు.
మొన్న మన వెనక గిడ్డంగి కాలినప్పుడు చూశావుగా.

నీ పేరు రాసిన అట్ట పట్టుకుని నిలబడ్డవాణ్ణి
నిన్నెవరు పంపారని అడుగు.
పక్కవాడి అట్ట చూసి పేరు రాసుకోవడం ఎంతసేపు?
మిలాన్ స్టేషన్‌లో నా కోటు మీద
ఆవముద్దలాంటిదేదో పోశాడొకడు,
అయ్యో అంటూ తుడవడానికి వచ్చాడింకొకడు.
బావా బావమరుదులనుకుంటా.
తుడిచేవాడి రెండు చేతులూ చూస్తూ ఉన్నా సరే,
మూడో చెయ్యి ఒకటి ఎప్పుడూ ఉంటుంది.

ఇవన్నీ ఆ కాగితాల్లో ఉన్నాయి, ఇంచుమించు.
లేనిదొకటుంది. టీ తాగు, చల్లారిపోతుంది.

పందొమ్మిదేళ్ల కిందట. అదే ఊరు, అదే తోళ్ల సంత.
పదకొండు రోజులు నా నోట్లో తెలుగు లేదు,
అరవం కూడా లేదు.
పొద్దున్నే ఆ గట్టి రొట్టె కోసుకుంటుంటే
ఎదుటి కుర్చీలో ఒకాయన,
"ఏం నాయనా, నాలుక చచ్చిపోయిందా?" అన్నాడు.
సంచిలోంచి చిన్న సీసా తీశాడు.
చింతకాయ తొక్కు.

అంతే.
సాహెబ్‌కి సరుకు ఎంతకు పడుతుందో,
బేరంలో ఎక్కడిదాకా దిగుతాడో,
ఏ కొనుగోలుదారు ఎన్నాళ్లు అప్పు పెడతాడో
ముద్దకొకటి చొప్పున చెప్పాను.
రెండు పూటలు.
ఆయన అడగను కూడా లేదు.
ఇంకాస్త వేసుకో అన్నాడు, అంతే.

నెల తిరక్కుండా ఆ ఆర్డరు పోయింది,
అడుక్కి నాలుగు సెంట్ల తేడాలో.
అప్పుడు ఈ మూల తోళ్లు ఏరేవాళ్లు ఎనిమిది మంది,
తర్వాత ముగ్గురు.
సాహెబ్ నన్నేమీ అనలేదు. మార్కెట్ బాగాలేదన్నాడు.
నేనూ మార్కెట్ బాగాలేదన్నాను.

ఆయన దొంగో, నాలాగే మాటకి మొహంవాచినవాడో
ఇప్పటికీ తెలియదు.
ఎవరికీ చెప్పలేదు ఇది. నువ్వూ చెప్పకు.

అక్కడ మాటలు గొంతుకడ్డం పడితే నాకు ఫోన్ చెయ్,
ఎంత రాత్రైనా సరే.
క్రికెట్టో, మీ మేనత్త మోకాలి నొప్పో, ఏదో ఒకటి.
ధరలు తప్ప.

ఇదిగో, చెయ్యి పట్టు.
బూటు అడుగుకి వాడే తోలు, నేనే ఏటవాలుగా చెక్కాను.
గడియ పెట్టాక తలుపు కింద దోపి
మడమతో ఒక్క తన్ను తన్ను.
తాళంచెవి నీకిచ్చిన హోటలువాడి దగ్గర
అలాంటిది ఇంకొకటి ఉంటుంది, మర్చిపోకు.
ఇనుపదైతే విమానం దగ్గర లాక్కుంటారు,
దీన్ని వాసన చూసి వాళ్లే వెనక్కిచ్చేస్తారు.

కంపా? అవును. ఎంత ఎండబెట్టినా పోలేదు.
మూడో రాత్రికి
మంచం దిగి వెళ్లి వాసన చూస్తావు, నాకు తెలుసు.

లే, కింద ఆటోవాడు అరుస్తున్నాడు.
ఎక్కేముందు ఎంతో మాట్లాడుకో.