రాలాకే

వజ్రపుకొత్తూరుకు బదిలీ మీద వచ్చిన ఏడాది
అద్దె రెండు వేలు, పెరట్లో జీడిచెట్టు ఉచితం.
తాళంచెవి చేతిలో పెడుతూ ఇంటాయన అన్నాడు:
"పిక్కలు మీరే ఏరుకోండి, నర్సమ్మా.
కొమ్మలు మాత్రం నరకొద్దు."

మాది రాజాం పక్క. చెరుకు తెలుసు, గోగునార తెలుసు.
జీడిపప్పంటే పాయసంలో వెతుక్కునేదనే తెలుసు.
ఫాల్గుణం చివర ఒక ఆదివారం
కొమ్మ కొసన పిక్కలు పచ్చగా, నిండుగా
నా బొటనవేలంత కనబడితే
దోటీ తెచ్చాను.

పదకొండు నేల మీద పడ్డాక
గోడ మీంచి డిల్లమ్మ తల లేచింది.
కాశీబుగ్గ బట్టీలో ఇరవై రెండేళ్లు పిక్క కొట్టిన మనిషి.
వేళ్ల కొసలు నల్లగా, గీతల్లేకుండా నున్నగా ఉంటాయి;
రేషను మిషను ఆమెను ఎప్పుడూ ఒక పట్టాన ఒప్పుకోదు.

"ఓలమ్మ! ఏటి సేస్తన్నావు?
నొప్పుల్రాకుండానే లాగీస్తావేటి?
నువ్వెక్కడి మంత్రసానివే తల్లీ!"

దోటీ దించాను.

ఆమె చెప్పింది. పాఠంలా కాదు,
మధ్యలో కోళ్లను అదిలిస్తూ, కొడుకును తిడుతూ.
"ముందల పిక్కే ఎదుగుతాది, పండు తరవాత.
పచ్చగున్నపుడు బలిసినట్టే ఉంటాది, నమ్మీకు.
అదంతా నీరు.
మరి కొన్నాళ్లకి కుసింత సిక్కి బూడిదరంగు తిరుగుతాది.
అప్పుడుబ్బుతాది పండు.
రంగొచ్చిందని సెయ్యెట్టీకు.
అదే రాల్తాది. రాల్నాకే అది నీది."

నాకు తెలియని మాట కాదు.
నెలలు నిండిన కార్డుల మీద తేదీలు రాసేది నేనే.
తేదీ దాటిన ప్రతి కడుపు దగ్గరా
గడియారం చూస్తూ కాలు ఊపేదీ నేనే.

చెట్టు కింద చిమ్మి ఉంచాను.
ఎండుటాకుల్లో పిక్కా కనబడదు, పామూ కనబడదు.
ఎండెక్కకముందే వెళ్లి ఏరాలి. రాత్రి సముద్రం గాలి లేస్తే ఎక్కువ దొరుకుతాయి.
వాన పడిందా, ఆ పూటే ఏరాలి,
తడినేల మీద వదిలేస్తే నల్లబడి మొలకెత్తుతాయి.
పండును ఒక చేత, పిక్కను ఒక చేత పట్టి
మెలి తిప్పాలి. లాగితే కండ అంటుకొస్తుంది,
ఆ ఒక్క ముక్కకే బస్తా అంతా బూజు.

పళ్లతో కొరకకూడదని ఎవరూ చెప్పలేదు.
పెదవి వారం రోజులు కాలింది.
టీకాకొచ్చిన పిల్లలు సూదిని మరిచిపోయి
నా మూతినే చూశారు.
డిల్లమ్మ ఆముదం పంపింది. నవ్వు మాత్రం తానే వచ్చి నవ్వి వెళ్లింది.

బకెట్ నీళ్లలో పోయించింది. మునిగినవి మంచివి.
దోటీ రోజువి, ఆ పదకొండూ,
పైకొచ్చి నా వైపే చూస్తూ తేలాయి.
మిగిలినవి మూడు ఎండలు.
గోరు దిగకూడదు. దోసిట్లో ఆడిస్తే
ఎండు గవ్వల్లా గలగలమనాలి.

ఎనిమిది కిలోలు.
ఎనభై కిలోల బస్తాలు కొనేవాడు త్రాసు తియ్యనేలేదు,
చేత్తో ఎత్తి చూసి
"ఇంట్లోకి ఉంచుకోండమ్మా" అన్నాడు.

ఇప్పుడిది నాలుగో కాపు.
కొమ్మ ఒకటి వసారా రేకుల మీదికి వాలింది.
నరకలేదు.
నడిరాత్రి టక్కుమంటుంది.
లేచి కూచుంటాను.
పిక్కా, తలుపా?
నొప్పులొచ్చిన ఇంటివాళ్లు కూడా ఇక్కడ
అంతే మెల్లగా తడతారు, ఒక్కసారే.

టార్చి తీసుకుని
ముందు వీధి తలుపు తీస్తాను.
ఎవరూ లేకపోతే
పెరట్లోకి.