సగం లేచిన చెయ్యి

బడి కమిటీకి ఏడో తరగతి నుంచి
ఇంకొకరు కావాలన్నడు పెద్దసారు.
చండూరు అవతల మా బడి వరండాల
గోనెపట్టాల మీద కూసున్నం.
కాయితం లేదు, పెట్టె లేదు, చెయ్యెత్తుడే.

ముత్యాలు నిలవడ్డడు.
పోయినేడు పత్తిగింజలకు పైసలిచ్చినోడు,
మిత్తి ఇంకా నా మెడ మీదనే ఉన్నది.
అండాలమ్మ నిలవడ్డది.
పప్పుల నీళ్లెక్కువైతే
వంటామెతోని కాదు,
బిల్లు ఆపినోళ్లతోని కొట్లాడింది.

నా బిడ్డ బడిల నీళ్లు తాగదు.
బాత్రూంకు గొళ్లెం లేదు.
ఆ ముచ్చట ముత్యాలుకు తెల్వదు,
ఎన్నడన్న అడిగితె గద.

"అండాలమ్మకు ఎవరెవరు?"
ముత్యాలు నా దిక్కే చూస్తున్నడు.
ఈ ఊరి బోరునీళ్లు తాగిన మోచెయ్యి
చెవి దాకనే లేస్తది.

"ఎత్తినవా, గోక్కుంటున్నవా?" అన్నడు సారు.

"ఎత్తిన సారూ.
గింతే వస్తది.
రాసుకోండ్రి."