దీని పుల్లేది?

బ్రాడ్‌ఫర్డ్‌లో ఒకప్పటి ఉన్ని మిల్లు,
ఇప్పుడు మ్యూజియం వాళ్ల గోడౌను.
చెక్క నేలలో గొర్రె జిడ్డు వాసన ఇంకా పోలేదు.
మూడో అంతస్తు, నలభై ఒకటో అర,
నురగ దిండు మీద పడుకోబెట్టిన చెక్క డోలు.
మూరెడు ఉంటుంది. తోలు లేదు.
కడుపు పొడవునా ఒక చీలిక,
పైన మనిషి తల, అరమూసిన కళ్లు.
మెడకి దారంతో కట్టిన చీటీ, నా చేతిరాతే:
"కాంగో. వాయిద్యం. పగులు పద్నాలుగు సెంటీమీటర్లు.
లోపల ఎర్రటి మడ్డి. శుభ్రం చేయాలి."

ఫాంజు గారు నైట్ డ్యూటీ దిగి తిన్నగా వచ్చారు,
వృద్ధాశ్రమం బ్యాడ్జి కోటుకే ఉంది.
గ్లవుజులు ఇస్తే మాట్లాడకుండా తొడుక్కున్నారు.
వాయిస్తారేమోనని నా భయం.
ఆవిడ చీలిక దగ్గర ముక్కు పెట్టి
చాలాసేపు అలాగే ఉండిపోయారు.

"వాయిద్యమని ఎవరు చెప్పారు?
మా మేనత్త దీని మీదే కూర్చునేది.
దీంట్లోనే మందు కలిపేది.
దీని నోటితోనే పలికేది.
జబ్బు మనిషి తాలూకు వాళ్లు
ఎందుకొచ్చారో చెప్పరు.
ఆమే చెప్పాలి. తప్పిందా, లేచి వెళ్లిపోతారు."

అని, అర లోపలికి తొంగిచూసి,
"దీని పుల్లేది?"

రిజిస్టరులో పుల్లకి గడి లేదు.

రాజాం బస్సులో సోదమ్మ గుర్తొచ్చింది నాకు.
టిక్కెట్టు గొడవలో కండక్టరు
ఆమె చేతిపుల్ల కిటికీలోంచి గిరాటేశాడు.
బస్సు ఆగలేదు.
పక్కసీటు కొత్త పెళ్లికూతురు
అరచెయ్యి చాపింది, అందులో ఐదు రూపాయలు.
"పుల్ల లేందే పలకదు తల్లీ" అని
చీపురుపల్లి దాకా ఇంక నోరు విప్పలేదు సోదమ్మ.
నాకప్పుడు తొమ్మిదేళ్లు. నవ్వాను.

సాయంత్రం దాకా సొరుగులన్నీ లాగాం.
గరిటెలు, దువ్వెనలు,
"ఏమిటో తెలియనివి" అని రాసిన అట్టపెట్టె.
దాని అడుగున జానెడు పుల్ల,
ఒక కొస నున్నగా అరిగి.
ఇదేనా? అన్నాను.

చీలిక అంచుకి ఆనించారు. కొట్టలేదు.
"కావచ్చు. కాకపోవచ్చు.
నేనా పని నేర్చుకోలేదు.
పద్దెనిమిదో ఏట నర్సింగులో చేరిపోయాను."

ఆరున్నర బస్సుకి ఆవిడ వెళ్లాక
రెంటినీ ఒకే దిండు మీద పెట్టాను.
చీటీలో "శుభ్రం చేయాలి" కొట్టేశాను.
"వాయిద్యం" కూడా కొట్టేసి,
అక్కడేం రాయాలో తోచక
పెన్ను మూత తీసి, పెట్టి, తీసి.

లైట్లు ఆరిపోయాయి.
ఈ బిల్డింగులో మనిషి కదలకపోతే అంతే.
చీకట్లోకి చెయ్యి ఊపాను.