ఎడమ వైపు, బయటి చక్రం

సున్నా కింద ముప్ఫై.
గోబీ ఇంకా తెల్లారడానికి బద్ధకిస్తోంది.
సరిహద్దు గేటు దాకా బొగ్గు బళ్లు,
ఒకదాని తోక ఇంకోదాని నోట్లో.
అద్దం దించకుండానే తెలిసింది నాకు,
బండి ఎడమ భుజం కాస్త వంచింది
మూట మోసేవాడు
పైకి ఏమీ అనకుండా కాలు మార్చుకున్నట్టు.

దిగాను.
ట్రెయిలర్ వెనక ఇరుసు, ఎడమ వైపు, బయటి చక్రం
ఎక్కడో ఉసూరుమంటోంది.
ఎక్కడో వినాలంటే టోపీ తియ్యాలి,
తీస్తే చెవి మిగలదు.
సబ్బునీళ్ల సీసా సీటు కింద రాయైపోయింది.
ఫ్లాస్కులో ఉప్పేసిన పాలటీ రెండు కప్పులుంది.
ఒకటి నాకు. ఒకటి దానికి.

బయల్దేరేటప్పుడు మా అత్త దులామ్
గరిటెతో పాలు చిలకరిస్తుంది బండి వెనక,
దారి తెల్లగా ఉండాలని.
ఈ పొయ్యడం అది కాదు,
ఇది దొంగని పట్టడానికి.
గాడి గాడికీ ఆవిరి లేచింది.
మూడో గాడిలో ఒక బుడగ,
దాని వెనకే ఇంకొకటి,
పాలు తాగి నిద్రపోయిన పిల్ల పెదవి మీద లాగా.
దొరికావు.

పట్టకారుతో లాగితే ఊడొచ్చింది
వేలి కణుపంత బోల్టు.
దాని తల మీద నీలం పెయింటు.
ఆ నీలం నాకు తెలుసు.
పోయిన నెల మడ్‌గార్డుకి నేనే పూశాను,
మిగిలింది మా గుడారం తలుపుకి.
ఏ వెధవ ఇనుమో అని తిట్టబోయి
నోరు తెరిచినదాన్ని
చలిగాలి మింగి ఊరుకున్నాను.
ఏకు మేకవడం విన్నదే గానీ
మేకు ఇల్లు వెతుక్కుంటూ రావడం
ఇదే చూడటం.

ఇక పని.
మూయాల్సిన కన్నాన్ని ముందు పెద్దది చెయ్యాలి.
గరుకు సూది గుచ్చి, తిప్పి, లాగి, మళ్లీ గుచ్చి.
"చిన్న గాయమని జాలిపడకు,
జాలి కారుతుంది" అనేవాడు
ఈ పని నేర్పిన ముసలి దాష్‌జెవెగ్.
ఇంకోటి కూడా అనేవాడు:
"పక్కగోడ జోలికి పోకు.
అక్కడ పెట్టిన ప్లగ్గూ అబద్ధమూ ఒకటే,
బరువెక్కినప్పుడే బయటపడతాయి."

బంకతాడు చలికి పుల్లలా బిగుసుకుంది.
చంకలో పెట్టుకుని నిలబడ్డాను
జ్వరం చూసుకునేదానిలా.
వెనక బండి హారను. దాని వెనకది.
వరసలో చోటు పోతే రెండు రోజులు.
చంకకి తొందరేం తెలుసు.

మెత్తబడ్డాక సూది కంట్లోకి దూర్చి,
జిగురు పూసి,
రెండు చేతుల మీదా ఒళ్లంతా వేసి తోశాను.
లోపలికి పోనంటుంది, పోనంటుంది,
పోయింది.
తోకలు రెండూ బయట ఉండగా
ఒక్క ఊపున సూది వెనక్కి.
తాడు రాలేదు.
నా ఊపిరి వచ్చింది.

తిట్టడానికే వచ్చాడు వెనక బండి కుర్రాడు,
చులూన్ అట పేరు.
వచ్చినవాడు చూసి టార్చి పట్టుకున్నాడు.
బ్రేకుల ట్యాంకు నుంచి గొట్టం లాగాను,
బండిని ఆపే గాలిలో కొంత
బండిని నడిపే గాలి అయ్యేదాకా
ఇద్దరం కాళ్లు నేలకేసి తన్నుకుంటూ నిలబడ్డాం.
ఆఖరి చుక్క టీ ప్లగ్గు మీద పోశాను.
బుడగ లేదు.
తోకలు కోసేశాను.

"ఎంత దూరం ఆగుతుందక్కా?"
"గేటు దాకా. ఆ తర్వాత టైరు విప్పి
లోపలినుంచి అతుకు వేయించాలి."
"ఆగకపోతే?"
"నీ దగ్గర టీ ఉందా?"

నవ్వాడు. వెళ్లి హారను కొట్టాడు,
ఈసారి నా కోసం కాదు, ముందువాళ్ల కోసం.
బోల్టు పారెయ్యలేదు నేను.
తుడిచి, దాని చోట్లోనే బిగించాను
కింద వాషర్ వేసి.