ఏడ్చి చూపించిన రోజు

స్టోన్‌హౌస్‌పేటలో బియ్యం కొట్ల వెనక సందు,
మూడో ఇల్లు. తలుపు కొట్టబాక,
కిటికీలోంచి చెయ్యి ఊపు, అన్నాడు మా ఓనరు.
ఊపాను. బల్లి ఒక్కటే చూసింది.
చివరికి చెప్పు తీసి వరండాలోకి విసిరితే
వెంగమాంబ బయటికొచ్చి
చెప్పునీ నన్నూ మార్చి మార్చి చూసి
నవ్వింది.

ఆమెకి వినపడదు. చెంచురామయ్యకీ వినపడదు.
ఆయనకి రైసు మిల్లులో రాత్రి డ్యూటీ,
మిషన్ల హోరుకి అందరూ చెవుల్లో దూది కుక్కుకుంటే
ఈయనొక్కడే హాయిగా ఉంటాడంట.
నాలుగు నెలల పాపకి మాత్రం వినపడుద్ది.
గిలక కదిపితే తల తిప్పుద్ది.
వాళ్ళ గొప్పా అదే, దిగులూ అదే.

ఒక పాత సిస్టమ్, కేబులాయన లాగిన వైరు,
ఇంట్లో వైఫై లేదు.
నా జేబులో వైర్‌లెస్ అడాప్టరు, చెవి కమ్మంత.
సీపీయూ వెనక గుచ్చితే
అంతదాకా నోరు లేని పెట్టె
గాలితో మాట్లాడుద్ది.
గుచ్చాను. డ్రైవరు లేదంది.
ఫోన్లోంచి దించి ఎక్కించాను.
నీలం దీపం ఒకసారి రెప్ప కొట్టింది.
సందులో జనమంతా వరసగా తెర మీదికొచ్చారు:
పెంచలయ్య మెస్, సుల్తానా టైలర్స్ 2, ముట్టుకోబాకండి.
మన పేరేం పెట్టమంటారు అని రాసి చూపించాను.
ఆమె పలక తీసుకుని, చాలాసేపు బలపం కొరికి,
'మేమే' అని రాసింది.

ఏడుపు పట్టే పెట్టె ఉయ్యాల పక్కన,
ఎర్రగా వెలిగే బల్బు మంచం పైన.
పెట్టె కలవదు. బల్బు కలిసి విడిపోద్ది.
సిస్టమ్ ఇనప బీరువా వెనక ఉండాది గదా,
సిగ్నలు అక్కడే తల కొట్టుకుంటా ఉండాది.
మూరెడు వైరు అతికించి, అడాప్టర్ని
కాలెండరు మేకుకి తగిలించాను.
అప్పుడు కలిశాయి రెండూ,
అలిగిన చుట్టాల్లా, మెల్లగా.

ఇంక పరీక్ష. పాప ఏడవాల.
మూతి మీద పాల చారతో నిద్రపోతా ఉంది పాప.
గిల్లటానికి నాకు చెయ్యి రాలేదు.
ఫోన్లో ఏడుపు పెడదామంటే
స్పీకరు పోయి ఆర్నెల్లు.
బాగుచేసేవాడి ఫోను అట్టే ఉంటది.

నేనే ఏడిచాను.
మొదట సిగ్గుగా, ఉంగా ఉంగా అని.
బల్బు ఉలకలేదు.
ఆమె గడ్డం పైకెత్తి, ఇంకా, అని సైగ చేసింది.
లోపలి గదిలో డ్యూటీ దిగి పడుకున్న చెంచురామయ్య
ఒత్తిగిలనన్నా లేదు.
ముప్పై నాలుగేళ్ళ మనిషిని, మెడలో ఐడీ కార్డు,
ఇక్కడ నా గొంతు వినే పెద్ద మనిషిని
నేనొక్కణ్ణే అని తెలిసినాక
ఎక్కడో అడుగునున్నది కూడా కదిలొచ్చింది.
మా నాయన పోయిన రోజు
వచ్చినోళ్ళకి టీలు అందిస్తా, కుర్చీలు లెక్కపెడతా,
ఏడవటం మర్చిపోయాను. అది.
బల్బు ఎర్రగా కొట్టుకుంది.
నేను ఆపలేదు. అదీ ఆపలేదు.

ఏందబ్బయ్యా అంటా పక్కింటి మస్తానమ్మ
చేటతో సహా పరిగెత్తుకొచ్చింది.
పాప లేచి నన్నే చూసింది, ఏడవకుండా.
వెంగమాంబ రెండు చేతులూ పైకెత్తి
గాల్లో గిరగిరా తిప్పింది.
వాళ్ళ చప్పట్లు అట్టా ఉంటాయి.

సామాను సర్దేటప్పుడు కనపడింది.
ఉయ్యాల్లోంచి మంచం దాకా నూలు దారం.
ఒక కొస పాప గౌను అంచుకి,
ఇంకో కొస మంచం కోడుకి చుట్టి ఉంది.
ఆమె ఎడమ మణికట్టు చుట్టూ సన్నటి గీత.
ఇంక పనిలేదు గదా అని తుంచబోయాను.
నా చెయ్యి పట్టుకుని ఆపింది. పలక మీద రాసింది:
'ఏడిస్తే బల్బు చెప్పుద్ది.
కదిలితే ఇది చెప్పుద్ది.'
కాసేపాగి, కింద:
'కరెంటు పోతే?'

అడాప్టరు ఒకటి, బల్బు ఒకటి, పెట్టె ఒకటి,
మూరెడు వైరు. బిల్లు రాశాను.
సర్వీసు ఛార్జీ దగ్గర
పెన్ను ఆడలేదు, ఇంకు ఉన్నా కూడా.

సందు మలుపు దాకా నా ఫోన్లో
'మేమే' అని రెండు గీతలు.
బియ్యం లారీ ఒకటి అడ్డమొచ్చింది,
పోయింది.